మంచినీటి బావికి మందు కలుపు పద్ధతి

తేటగా కనిపించు నీరెల్ల మంచినీరు కాదు. తొలకరి వానలకు ఊరి మురుగు, పెంటకుప్పల ఊట నేలలోనికి దిగి బావినీటిలో కలియును. రంగు, రుచి మారకపోవచ్చును. కాని కలరా, టైఫాయిడు, రక్త విరేచనములు, కామెర్లు ఇట్టి నీటివలననే వ్యాపించును. నాట్ల అదనులో ఇంటిలో ఇద్దరు మంచము పట్టినచో కలుగు నష్టము మీరెరుగనిది కాదు. బ్లీచింగు పౌడరును తగు మోతాదులో కలిపి ఈ జబ్బులను చాలవరకు అరికట్టవచ్చును.

నీటిని కొలుచుట

ముందుగా బావిలో ఎన్ని లీటర్ల నీరున్నదో తెలిసికొనవలెను. తాడునకు రాయి కట్టి అడుగు తగులువరకు దింపి, తడిసిన మేర కొలిచినచో నీటి లోతు తెలియును. బావి అడ్డుకొలతను మీటర్లలో తీసికొని, దానిని దానితోనే హెచ్చవేసి, ఆపైన లోతుతోను, 785 తోను హెచ్చవేయవలెను. బావి అడ్డుకొలత 3 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు అనుకొనుడు. 3×3×4×785 = 28,260 లీటర్లు. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున సుమారు 70 గ్రాముల పౌడరు కావలెను. నీరు బురదగా ఉన్నచో ఇంకను ఎక్కువ పట్టును.

తాజా పౌడరులో నూటికి సుమారు 33 వంతుల క్లోరిన్ ఉండును. మూతలేని డబ్బాలోగాని, ఎండ, తేమ తగులుచోటగాని ఉంచినచో ఆ సారము పోవును. ఘాటు వాసన లేని పౌడరును వాడకుడు.

కలుపుట

పౌడరును బకెట్టులో వేసి, కొద్ది నీటితో ముద్దగా కలిపి, తరువాత ముప్పాతిక వంతు వరకు నీరు పోసి బాగుగా త్రిప్పవలెను. పది నిమిషములు కదలించక ఉంచినచో సున్నము అడుగున పేరుకొనును. పై తేటను మాత్రమే వేరొక బకెట్టులోనికి వంచుకొనవలెను. అడుగు మడ్డిని బావిలో వేయరాదు. వేసినచో నీటికి కాఠిన్యము హెచ్చును. తేట ఉన్న బకెట్టును త్రాడుతో నీటిలోపలికి దింపి, పైకి క్రిందికి గట్టిగా కదలించవలెను. గంటసేపు ఎవ్వరును నీరు తోడరాదు. రాత్రివేళ కలిపినచో తెల్లవారుసరికి నీరు సిద్ధముగా ఉండును.

పంచాయతీవారికి

కుళాయిలున్న గ్రామములలో ట్యాంకులో మందు వేసినంతనే పని తీరినదనుకొనరాదు. పరీక్షను ట్యాంకువద్దగాక వీధి చివరి కుళాయివద్ద చేయవలెను. అచ్చట లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెనని భారతీయ ప్రమాణము. మిగులు లేనిచో దారిలో గొట్టము పగిలి మురుగు చేరుచున్నదేమో వెదకవలెను. పరీక్ష ఫలితమును తేదీతో పుస్తకములో వ్రాయించుడు.

బావి చుట్టు గోడయు, సిమెంటు గచ్చును, నీరు పోవుటకు కాలువయు ఉండవలెను. పెంటకుప్ప, మరుగుదొడ్డి గుంట బావికి కనీసము 15 మీటర్ల దూరమున ఉండవలెను. పురుగుమందు పంపులను, డబ్బాలను బావివద్ద ఎన్నడును కడుగకుడు. ఆ విషమునకు బ్లీచింగు పౌడరు విరుగుడు కాదు.

ఫ్లోరైడు సంగతి

ఫ్లోరైడును గూడ ఈ మందు తొలగించజాలదు. నీటిని కాచినను అది పోదు. మన దేశమున ఫ్లోరైడు జబ్బును గురించిన తొలి వైద్య నివేదిక 1937లో నెల్లూరు జిల్లా గ్రామములనుండియే వెలువడినది. పిల్లల పండ్లపై గోధుమరంగు చారలు, పెద్దలకు వెన్ను, కీళ్లు బిగిసిపోవుట దీని గుర్తులు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకుండుట మంచిది. వేరొక ఆధారము లేనిచోట 1.5 వరకు అనుమతి గలదు. కొత్త బోరు వేయించినచో ఆ నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలకు పంపి, ఫలితము వచ్చిన పిదపనే త్రాగుటకు వాడవలెను. ఫ్లోరైడు హెచ్చుగా ఉన్న బోరుపై ఆ మాట అందరికి కనపడునట్లు వ్రాయించుట గ్రామాధికారుల బాధ్యత.

వానలు మొదలుగాకముందే మీ ఊరి బావిని కొలిచి, మోతాదు లెక్కకట్టి, పౌడరు సిద్ధపరచుకొనుడు.