బయోడీజిల్ పోసేముందు స్పేర్ ఫిల్టర్ కొనండి

చెరకు సీజన్‌లో మన బీదర్ దగ్గర జనవాడ రోడ్డు మీద లోడ్ ట్రాక్టర్ ఆగిందంటే కిరాయి పోయినట్టే. ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు. అలాంటప్పుడు చౌక బయోడీజిల్ మీద కన్ను పడటం సహజమే. వాడొద్దని చెప్పను. ఏం పోస్తున్నారో తెలుసుకుని పోయండి.

గానుగాడిన కానుగ నూనె బయోడీజిల్ కాదు. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ మహిళలు కానుగ నూనె తీసి, డీజిల్ బదులు అది వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్కన 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్నారు. మంచి పనే. అలాగని పచ్చి నూనె నేరుగా ట్యాంకులో పోస్తే నాజిల్‌కు మసి కడుతుంది, పిస్టన్ రింగులు పట్టేస్తాయి. మిథనాల్, కాస్టిక్‌తో చర్య జరిపి గ్లిజరిన్ తీసేశాకే అది బయోడీజిల్ అవుతుంది. ఇంటి వెనక డ్రమ్ములో మాత్రం చేయకండి. మిథనాల్ విషం, పైగా దాని మంట పగటిపూట కంటికి ఆనదు.

పాత ట్రాక్టర్‌లో డీజిల్‌కు 20 శాతం బయోడీజిల్ కలిపారనుకుందాం. మొదటి ట్యాంకు బాగానే నడుస్తుంది. తర్వాత ఎక్కడో ఎత్తు మీద పికప్ పడిపోతుంది. మెకానిక్ పంపు విప్పుదామంటాడు, వేలల్లో బిల్లు. ఒప్పుకోకండి, ముందు ఫిల్టర్ చూడమనండి. ఏళ్లుగా ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని బయోడీజిల్ కడిగి తెచ్చి ఫిల్టర్‌లో పోస్తుంది. అందుకే మొదటి రెండు ట్యాంకుల దాకా స్పేర్ ఫిల్టర్ బండిలోనే ఉండాలి. పాత రబ్బరు పైపులు మెత్తబడుతున్నాయేమో కూడా చూసుకోండి. బయోడీజిల్ నీటిని పీల్చుకుంటుంది, నిల్వ ఉంటే చెడుతుంది. ఆరు నెలలకు మించి ఉంచొద్దు.

బీదర్ చలి ఇంకో చిక్కు. పామాయిల్‌తో చేసిన బయోడీజిల్ 15 డిగ్రీల దగ్గరే మసకబారి గడ్డకట్టడం మొదలవుతుంది. మన కోతలు సరిగ్గా చలికాలంలోనే. ఏ నూనెతో చేశారో అమ్మేవాణ్ణి అడగండి.

ధర లెక్క కూడా వేయండి. పూర్తి బయోడీజిల్‌లో లీటరుకు శక్తి డీజిల్ కంటే సుమారు 8 శాతం తక్కువ. డీజిల్ 90 రూపాయలైతే ఇది 83 లోపు దొరికితేనే లాభం. మరీ చౌకగా ఇస్తున్నాడంటే అది ఏదో ఇండస్ట్రియల్ ఆయిల్ కావచ్చు. బయోడీజిల్ ప్రమాణం ఐఎస్ 15607 ప్రకారం ఆ బ్యాచ్ ల్యాబ్ రిపోర్టు, బిల్లు లేకుండా తీసుకోవద్దు. వారంటీలో ఉన్న బండికైతే ఎంత శాతం వాడొచ్చో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. డీలర్ నోటిమాట క్లెయిమ్ రోజున పనికిరాదు.

కోతలు నడుస్తుండగా, ఉన్న ఒక్క బండిలో మాత్రం మొదలుపెట్టకండి. వానాకాలంలో, పని తగ్గినప్పుడు పోసి చూడండి.