గ్రామఫోను మోటారు నేర్పిన పాఠాలు

1. స్ప్రింగు మీద నింద వేయకండి. "కీ ఎక్కువ తిప్పేశారు, బిగుసుకుపోయింది" అని మరమ్మతుకు పెట్టె తెచ్చిన ప్రతివారూ అంటారు. నిండా కీ ఇచ్చినంత మాత్రాన మంచి స్ప్రింగు చెడదు. స్ప్రింగు ఉండే డబ్బాలో దశాబ్దాల కింద పూసిన గ్రీజు ఎండి బంకవుతుంది. చుట్లు అంటుకుపోయి, ఉండుండి ఒక్కసారిగా విడిపోతాయి. పాట మధ్యలో లోపల 'దబ్' మని వినిపించేది అదే. ఆ చప్పుడు మొదలైందంటే విప్పి కడగాల్సిందే.

2. విప్పేముందు బిగువంతా దిగాలి. బ్రేకు వదిలి, పళ్లెం దానంతట అది ఆగేదాకా తిరగనివ్వండి. కీ మిగిలి ఉండగా, వేగాన్ని పట్టి ఉంచే గవర్నరును ఊడదీస్తే చక్రాల పళ్లు రాలిపోతాయి. బిగువు దిగాక కూడా డబ్బాలో మూడు నాలుగు మీటర్ల ఉక్కు పట్టీ ముడుచుకుని ఉంటుంది, మూత తీస్తే బయటికి దూకుతుంది. తోలు తొడుగులు, కళ్లద్దాలు లేకుండా దాన్ని ముట్టుకోనివ్వను. నడిమి నుంచి ఒక్కొక్క చుట్టే అదిమిపట్టి వదలాలి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

3. కిరసనాయిలుతో కడిగి, పూర్తిగా ఆరాక, వాసెలిన్‌లో గ్రాఫైట్ పొడి కలిపి పూయడం పాత పద్ధతి. ఇప్పటి లిథియం గ్రీజూ పనికొస్తుంది. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది, ఆముదం పోనుపోను జిగురవుతుంది, రెండూ వద్దు. కుట్టుమిషను నూనె ఇరుసులకే, అదీ చుక్క.

4. కొస దగ్గర విరిగిన స్ప్రింగును పారేయకండి. ఆ కొసను కాల్చి మెత్తబరిచి, కొత్త రంధ్రం వేస్తే మళ్లీ పనిచేస్తుంది. నడుమ విరిగితే మాత్రం మార్చడమే.

5. బజారులో తళతళలాడే ఇత్తడి బాకా చూసి మోసపోకండి. వాటిలో చాలావరకు తలా ఒక పెట్టె నుంచి తెచ్చిన భాగాలతో కూర్చినవే. ముందు మోటారు చూడండి, తర్వాతే బాకా.

6. పెట్టెను కీ ఇచ్చి ఉంచి దాచొద్దు. అప్పుడప్పుడు తిప్పుతూ ఉండండి. కోస్తా తేమకి కదలని ఉక్కు తుప్పు పడుతుంది.

7. గవర్నరును గౌరవించండి. పాట నిలకడంతా దానిదే. పలుచని రేకు స్ప్రింగులకు బిగించిన మూడు గుండ్లు వేగం పెరిగేకొద్దీ బయటికి జరుగుతాయి, అవి లాగిన బిళ్ల తోలు మెత్తకి రాసుకుని వేగాన్ని పట్టి ఉంచుతుంది. మెత్త ఎండితే కీచుమంటుంది, స్వరం వణుకుతుంది. దానికి ఒక్క చుక్క నూనె చాలు. మూడు రేకుల్లో ఒకటి వంగినా పాట ఊగుతుంది. మూడూ ఒకే తీరున ఉన్నవే వేయండి.

8. వేగం చెవితో కాదు, లెక్కతో సరిచూడండి. నిమిషానికి 78 చుట్లు తిరగాల్సింది 82, 83 తిరిగితే శ్రుతి సుమారు అరమెట్టు పైకి జరుగుతుంది. స్థానం నరసింహారావు గారి తులాభారం పాట పెట్టుకుని, ఆయనది కాని గొంతు వింటే ఆ కళాకారుడికి అన్యాయం చేసినట్టే. రికార్డు కింద కాగితపు ముక్క పెట్టి, ముల్లు ఆనించి, అరనిమిషంలో 39 చుట్లు వస్తున్నాయేమో లెక్కపెట్టండి. పాట మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. నిండా కీ ఇచ్చినా చివర్లో లెక్క తగ్గుతుంటే వేగం మీట జరిపి సరిపెట్టకండి, డబ్బా విప్పి చూడండి.