వర్క్‌షాప్ చూసి చేరు

అమ్మలూ,

పదిలో అన్ని మార్కులు తెచ్చుకుని ఐటీఐ అంటావేమిటని మీ అమ్మ ఫోన్లో ఒకటే బాధ. నాకు మాత్రం సంతోషమేసింది. అయితే నేను ఫిట్టర్ ట్రేడ్ చెప్పిన నాటి ఐటీఐ కాదిది. అది తెలుసుకునే చేరు.

1950లో ఈ శిక్షణ పథకం మొదలైంది ఫ్యాక్టరీలకు పనివాళ్లు కావాలని. హైదరాబాద్‌లో బీహెచ్ఈఎల్, ఐడీపీఎల్ లాంటివి ఉండగా మా పిల్లలకు అప్రెంటిస్‌షిప్ మీద ఆశ ఉండేది. తర్వాత ఐడీపీఎల్ మూతపడింది, పర్మనెంట్ ఉద్యోగాలు తగ్గాయి. 1988లో కేంద్రం ఇంటర్ స్థాయిలోనూ ఒకేషనల్ కోర్సులకు పథకం పెట్టింది. కానీ చదువు రానివాళ్లు చేరేవన్న ముద్ర పోలేదు. పై చదువులకు దారి సరిగ్గా లేకపోవడం వల్లే ఈ చిన్నచూపు వచ్చిందని నా నమ్మకం. ఇప్పుడు ఒకేషనల్ ఇంటర్‌తో బ్రిడ్జి కోర్సు రాస్తే ఎప్‌సెట్‌కు వెళ్లొచ్చు. రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. మీ అమ్మకు ముందు ఇది చెప్పు.

నా క్లాసులో ఒక్క ఆడపిల్లయినా ఉండేది కాదు. ఆడపిల్లలంటే కుట్టుపని, స్టెనో. ఆ రోజులు పోవాలి, నీలాంటివాళ్లు చేరితేనే పోతాయి.

2024లో మన తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలైంది. రోబోటిక్స్, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్లు, ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ కోర్సులొచ్చాయి. మంచిదే. కానీ కొత్త బిల్డింగ్ చూసి మురిసిపోకు. వర్క్‌షాప్‌లోకి వెళ్లి, మెషీన్ మీద పిల్లలు నిజంగా చెయ్యి పెడుతున్నారా, దూరంగా నిలబడి చూస్తున్నారా గమనించు. అప్రెంటిస్‌షిప్ ఎక్కడ ఇప్పిస్తారో సీనియర్లను అడుగు.

సీఎన్‌సీ వచ్చాక ఫైలింగ్ ఎందుకని ఎవరైనా అంటే వినకు. వైస్‌లో ఇనుప ముక్క బిగించి, ఆకురాయితో చదును చేసి, ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకెత్తి చూస్తావు. సందులోంచి సన్నగా వెలుగు కనిపిస్తే మళ్లీ ఆకురాయి పట్టాలి. మొదటి వారం బొబ్బలెక్కుతాయి, ఓర్చుకో. వెర్నియర్ మీద 0.02 మిల్లీమీటర్ తేడా అంటే ఎంతో చేతికి తెలిసినవాడు సీఎన్‌సీ స్క్రీన్ మీద అంకె తప్పుగా పడగానే పసిగడతాడు. ఆ పట్టు లేనివాడు బటన్ నొక్కడం దగ్గరే ఆగిపోవడం చాలామంది విషయంలో చూశాను.

ఆదివారం వస్తున్నాను. మీ అమ్మానాన్నలతో నేనే మాట్లాడతాను. నీ మార్కుల మెమో, టీసీ సిద్ధంగా పెట్టుకో. సోమవారం ఇద్దరం వెళ్లి వర్క్‌షాప్ చూసొద్దాం.

ఆశీస్సులతో,
మావయ్య