పాత ప్రకటనల్లో ముత్తాత జాడ

ప్రశ్న: మాది పెనుకొండ దగ్గర పల్లె. ముత్తాత గారు సేద్యగాడని తప్ప మరేమీ తెలియదు. పాత పత్రికల్లో ఆయన వివరాలు దొరుకుతాయా?
– ఒక పాఠకుడు, హిందూపురం

జవాబు: దొరికే అవకాశం ఉందండీ. కాకపోతే వార్తల్లో కాదు, ప్రకటనల్లో వెతకాలి. శిస్తు బకాయి వేలం, కోర్టు నోటీసు, భూసేకరణ... మామూలు రైతు పేరు అచ్చుకెక్కింది ఎక్కువగా వీటిలోనే. అనంతపురం నుంచి పప్పూరు రామాచార్యులు గారు 1926లో మొదలుపెట్టిన ‘శ్రీ సాధన పత్రిక’ పాత సంచికలు ముందు చూడండి. తర్వాత జిల్లా గెజిట్. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది కనుక అంతకు ముందువి బళ్లారి జిల్లా కింద వెతకాలి.

పేరొక్కటే నమ్ముకోవద్దు. మన వైపు ఊరికి నలుగురు నారాయణప్పలు, హనుమంతప్పలు. చాలా కాగితాల్లో ఇంటిపేరే ఉండదు. తండ్రి పేరు, సర్వే నంబరు, అన్నిటికన్నా చెక్కుబందీ రాసుకోండి. ‘తూర్పున ఫలానా వారి చేను, పడమర వంక’ అని ఉంటే ఆ పక్క చేను వారు తరచూ దాయాదులే అవుతారు. నాకైతే ఆ నాలుగు దిక్కుల వివరమే అసలైన వంశవృక్షం అనిపిస్తుంది.

సర్వే నంబరు చేతికొచ్చాక రీసర్వేలో అది మారిందేమో రెవెన్యూ కార్యాలయంలో సరిచూసుకుని, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రుసుం కట్టి పాత దస్తావేజుల సూచిక అడగండి. ధర్మవరం వైపు బంధువులుంటే అక్కడా చూడాలి. గౌరిబిదనూరు వైపు వియ్యాలుంటే మైసూరు సంస్థానపు కన్నడ రికార్డులనూ వదలొద్దు. ఇంట్లో పాత పట్టా కాగితం ఉంటే ముందు దాన్నే తెరవండి.