డాబా మీద రాస్ప్‌బెర్రీ: ఏడు పాఠాలు

నలభై ఏళ్ల కిందట విశాఖలో ఓడెక్కి, మూడు రోజులు సముద్రం మీద గడిపి పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాను. ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం. అప్పటినుంచీ కాపురం అబర్డీన్ బజార్‌లోనే, గంటాఘర్ దగ్గర. పెరడు లేదు, డాబా ఉంది. వంగ, బెండ, బచ్చలి అన్నీ దాని మీదే పండించాను. ఆరేళ్ల కిందట మనవరాలు పుట్టినరోజు కేకు మీదున్న ఎర్రటి పండు చూపించి, "అమ్మమ్మా, ఇది మన డాబా మీద కాయదా?" అంది. కాయిద్దాంలే అన్నాను. ఆ మాట కోసం నాలుగేళ్లు పడ్డ పాట్లలో నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

1. మొక్క పుట్టిల్లు ముందు తెలుసుకోండి.
అబర్డీన్ అనే పేరున్న ఊరు స్కాట్లండ్‌లో ఉంది. దానికి దక్షిణాన డండీ చుట్టుపక్కల రాస్ప్‌బెర్రీ విరగకాస్తుంది. మా బజారుకు ఆ పేరైతే వచ్చింది గానీ ఆ చలి రాలేదు. రాస్ప్‌బెర్రీ రెమ్మ మొదటి ఏడు పెరుగుతుంది, చలికాలమంతా నిద్రపోతుంది, రెండో ఏడు పూస్తుంది. ఆ నిద్ర తీరాలంటే 7 డిగ్రీల లోపు చలి చాలా రకాలకు 800 గంటలకు పైగా కావాలి. మాకు జనవరి రాత్రి కూడా 20 డిగ్రీలు దిగడం అరుదు. ఏ వాతావరణంలోనైనా కాస్తుందని చెప్పి ఒక వ్యాపారి నాలుగు మొక్కలు అమ్మాడు. ఆకులు బాగానే వేశాయి. రెండేళ్లయినా ఒక్క మొగ్గ తొడగలేదు.

2. వాన కంటే నిలిచిన నీరు ప్రమాదం.
ఇక్కడ ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన. మే మూడో వారంలో మొదలైతే డిసెంబరు దాకా ఏదో ఒక గాలివాన వస్తూనే ఉంటుంది. తడి మట్టిలో రాస్ప్‌బెర్రీ వేరుకు కుళ్లు పడుతుంది. పైన ఆకు వాడిందని నేను ఇంకాస్త నీళ్లు పోశాను. కుండీ బోర్లిస్తే వేళ్లు నల్లగా మెత్తబడి ఉన్నాయి. అప్పటినుంచి కుండీని ఇటుకల మీద పెడుతున్నాను. మట్టిలో సగం కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు కలుపుతున్నాను. సముద్రపు ఇసుక మాత్రం వద్దు, ఉప్పు వేరును కాల్చేస్తుంది.

3. పొద్దుటి ఎండ చాలు.
ఈ మొక్కకు హాయిగా ఉండేది 20 డిగ్రీల దగ్గర. 30 దాటితే ఆకు పని మందగిస్తుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ తగిలిన పండు మీద గింజలు తెల్లగా పాలిపోతాయి. కుండీలు తూర్పు గోడ వారన పెట్టి, పదకొండు దాటాక పాత తెల్లచీర కట్టేదాన్ని. ఫిబ్రవరి నుంచి ఇక్కడ వాన ఉండదు. ధానీకారీ డ్యామ్ నీళ్లు తగ్గేకొద్దీ కుళాయి రోజులూ తగ్గుతాయి. వానాకాలంలోనే డ్రమ్ములు నింపుకుని మూతలు పెట్టుకోవాలి. మొక్క మొదట్లో ఎండుటాకు పరిస్తే నీళ్లు చాలా కలిసొస్తాయి.

4. చుట్టాల్లో ఎవరు వేడిని ఓర్చుకుంటారో చూడండి.
రాస్ప్‌బెర్రీ ఒక్కటే కాదు. పడమటి కనుమల్లోనూ హిమాలయాల్లోనూ ఉండే మైసూర్ రాస్ప్‌బెర్రీ ఒకటుంది. రెమ్మలు సున్నం పూసినట్టు తెల్లగా, ఒళ్లంతా ముళ్లు, పండు ఎర్రబడి ఆఖరికి నల్లబడుతుంది. అమెరికాలోని దక్షిణ ఫ్లోరిడాలో వేడికి తట్టుకుంటుందనే దీన్ని పెరళ్లలో వేసుకుంటారు. నా దగ్గర రెండో ఏడు మార్చిలో కాసింది. గుప్పెడు పళ్లు. మనవరాలు నోరంతా ఊదారంగు చేసుకుని తింది. ఆ రోజు సంతోషం ఇప్పటికీ చెప్పలేను.

5. రాత్రి లైటు పట్టుకుని తిరగండి.
1942 నుంచి 1945 దాకా జపాన్ వాళ్లు ఈ దీవుల్ని ఏలిన కాలంలో వచ్చిందంటారు, ఆఫ్రికా పెద్ద నత్త. ఇప్పుడు ప్రతి గోడ మీదా అదే. లేత చిగురు ఒక్క రాత్రిలో మాయం. వాన ఆగిన రాత్రి తొమ్మిదింటికి వెళ్లి ఏరాలి, ఉప్పునీళ్ల బకెట్లో వెయ్యాలి. ఉత్త చేత్తో ముట్టుకోకండి, మెదడుకు జబ్బు చేసే పురుగు దాన్లో ఉండొచ్చు. కుండీ కింద తెల్లటి గుడ్లు కనబడితే అవీ తీసెయ్యండి.

6. దీవిలో విత్తనానికి రెక్కలుంటాయి.
నన్ను మార్చిన పాఠం ఇదే. గలపాగోస్ దీవులకు 1960ల్లో ఈ మైసూర్ రాస్ప్‌బెర్రీనే పంట కోసం తీసుకెళ్లారు. పిట్టలు తిని విత్తనాలు చల్లాయి. ముళ్ల పొదలు మనిషెత్తు దాటి పెరిగి, ఆ దీవుల సొంత స్కలేసియా అడవిని కమ్మేశాయి. విత్తనం మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. ఇదంతా తెలిసిన నాటి పొద్దున నా పొద మీద రెండు పికిలి పిట్టలు వాలి ఉన్నాయి. ఒక మనిషి తెచ్చిన నత్తతో ఊరంతా వేగుతోంది, నేను ఇంకోటి వదలనా? ఆ వారమే వేళ్లతో సహా పీకి, ఎండబెట్టి కాల్చేశాను. మనవరాలు ఏడ్చింది. నేనూ బాధపడ్డాను. చేసింది మాత్రం సరైన పనే.

7. మన ముళ్ల చెట్టు మనకుంది.
దాని చోట వాక్కాయ పెట్టాను. శ్రీకాకుళం వాళ్లకు చెప్పక్కర్లేదు. ముళ్లు, ఎరుపు, పులుపు అన్నీ ఉన్నాయి. చలి అడగదు, ఎండకు బెదరదు. బేకరీ కేకు మీద చెర్రీ అని పెట్టే ఎర్రటి ముక్క చాలాసార్లు పాకంలో ఊరిన వాక్కాయే. పచ్చిగా ఉండగానే కోసి పప్పులో వేస్తాం, పచ్చడి పడతాం, కాబట్టి పిట్ట నోటికి చేరే విత్తనం తక్కువ. ఆంధ్రలో ఉన్నవారికి చల్లటి పంట మీద మనసుంటే లంబసింగి ఉంది. అక్కడి చలిలో స్ట్రాబెర్రీ పండిస్తున్నారు. చలి పంటను చలి ఉన్న చోటే వెయ్యాలి.

దీవుల్లో ఉన్న మనవాళ్లకు నా విన్నపం ఒక్కటే. బయటినుంచి కొత్త మొక్క తెప్పించుకునే ముందు, గారచర్మలో 1978 నుంచి ఉన్న కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థకు వెళ్లి, కాస్తుందా అనే కాదు, పాకుతుందా అని కూడా అడగండి. కుండీ మనదే గానీ, పిట్ట తీసుకెళ్లి వేసే అడవి అందరిదీ.