కిరాయి ఇండ్ల లెక్క

రాయికల్.

చిరంజీవి మనుమరాలికి తాత ఆశీర్వదించి వ్రాయునది.

నీ జాబు చేరినది. న్యాయశాస్త్రము చదువుచున్న నీకు ఇల్లు లేనివారి పక్షమున నిలిచి పనిచేయవలెనను తలంపు కలుగుట నాకెంతయు సంతోషము. అయితే నాలుగు పుటల నిండ నీవు తీర్పులను గూర్చియే వ్రాసితివి గాని, మన పట్టణమున గాని, కోరుట్లలో గాని, సిరిసిల్లలో గాని సొంత ఇల్లు లేని కుటుంబములు ఏ వాడలలో ఎట్లు కాలము గడపుచున్నవో ఒక్క మాటయైనను అడుగవైతివి. అందుచేత ముందుగా ఆ సంగతియే వ్రాయవలెనని కూర్చుంటిని. తీర్పులను తరువాత చూతము.

ముంబయి కాలిబాటల మీద వలె, హైదరాబాదు వంతెనల క్రింద వలె, మన ప్రాంతమున ఇల్లు లేనితనము బయటికి కనబడదు. బస్టాండులో చలికి ముడుచుకొని పడుకొను ముసలివారును, మతి చలించి తిరుగువారును కొందరున్న మాట నిజమే. వారి సంగతి పిదప చెప్పెదను. కాని ఇక్కడ ఇల్లు లేనివారిలో అధికసంఖ్యాకులు ఏదో యొక కప్పు క్రిందనే యుందురు. తండ్రి కట్టిన రెండర్రల పెంకుటింటిని ముగ్గురన్నదమ్ములు చీరలు అడ్డము కట్టుకొని పంచుకొందురు. సిరిసిల్లలో రాత్రి పాళి చేసి వచ్చిన నేత కార్మికుడు, సాంచాల (మరమగ్గముల) చప్పుడు వినవచ్చు సందులోనే ఒక గది కిరాయికి తీసికొని, పగలంతయు ఆ చప్పుడులోనే నిద్రించును. కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్ వాడలలో బీడీలు చుట్టు స్త్రీ ఆ ఒక్క గదిలోనే వండుకొని, ఆ గదిలోనే తునికాకు కత్తిరించి, తంబాకు ఘాటులోనే పిల్లలను పండబెట్టును. ఆమె భర్త దుబాయిలోనో మస్కటులోనో యుండును, లేదా అక్కడినుండి అప్పుతో తిరిగివచ్చి యుండును. గల్ఫు ధనము మన ఊళ్లలో మేడలు లేపినది. అదే ధనము వెంచర్ల పేరిట పొలములను గజములుగా కోసి, గజము ధరను బీడీల కూలికి ఎన్నటికిని అందని యెత్తునకు చేర్చినది. రాయికల్ 2018లో పురపాలక సంఘమైన తరువాత ఆ పరుగు మరింత హెచ్చినదని నా అభిప్రాయము.

కిరాయి ఇంటికిని సొంత ఇంటికిని గల భేదము నెలనెలా చెల్లించు పైకమునందు కొంతయే కనబడును. తక్కినది చావు వచ్చిననాడు గాని తెలియదు. కోరుట్లలో నేనెరిగిన యొక బీడీ కార్మికురాలి భర్త వానకాలమున ఆసుపత్రిలో కాలము చేసెను. శవమును తెచ్చు బండి ఇంకను దారిలో నుండగనే ఇంటి యజమాని, ఇంటికి మాత్రము తేవద్దని ఫోనులో కబురు చేసెను. ధనిష్ఠా పంచకమను అశుభ నక్షత్రకాలమున పోయినవాని వలన ఇల్లు నెలల తరబడి పాడుపెట్టవలసి వచ్చునని అతని భయము. అతడు దుర్మార్గుడు కాడు. కిరాయి ఆలస్యమైనప్పుడు పల్లెత్తు మాట యనిన మనిషి కాడు. తుదకు వాడ చివర, మోరీ ప్రక్కన షామియానా వేయించి, ఎదురింటినుండి కరెంటు తీగ లాగి, మంచుపెట్టెలో శవమునుంచి, రాత్రియంతయు జల్లులోనే కూర్చుండిరి. తెల్లవారి నేను పోయి పలుకరించినప్పుడు ఆమె ఏడువలేదు. "పదేండ్ల సంది కిరాయి కట్టిన సారూ, ఒక్క పూట అరుగు మీద పండవెట్టనియ్యకపాయె" అని మాత్రము అన్నది. దినకర్మలు ముగియువరకు ఆమెయు పిల్లలును తమ్ముని ఇంటి గోడకు ఆనించి కట్టిన పరదా క్రింద గడపిరి. ఇట్టి షామియానాల బొమ్మలు మన జిల్లా పత్రికలలో పలుమార్లు అచ్చయినవి. చూచినవారు అయ్యో యని పుట త్రిప్పిరి. శవమును దించుకొనుటకు తనదను గడప లేని ప్రతి కుటుంబమును నేను ఇల్లు లేని కుటుంబముగనే లెక్కింతును. నీవును అట్లే లెక్కింపుము.

ఇక తీర్పులు. ముంబయి కాలిబాటలవారి వ్యాజ్యమున 1985లో సుప్రీంకోర్టు, జీవించు హక్కునందు జీవనోపాధి హక్కు ఇమిడియున్నదని చెప్పెనని నీవు ఉత్సాహముతో వ్రాసితివి. నోటీసు ఇచ్చి వారిని తొలగింపవచ్చునని ఆ తీర్పే చెప్పిన సంగతి నీ జాబులో లేదు. 1995 నాటి చమేలీ సింగ్ వ్యాజ్యము ఇంతకన్న గట్టిది. దళితుల ఇండ్ల కొరకు సేకరించిన భూమిని విడిపించుకొనుటకై భూమి గలవారు కోర్టుకెక్కగా, తలదాచుకొను చోటు మానవుని హక్కేయని చెప్పి న్యాయస్థానము ఆ సేకరణను నిలిపినది. వీనికి పూర్వమే, 1976లో, పరుల భూమిలో గుడిసెలు వేసికొనియున్న వ్యవసాయ కూలీలకును చేతివృత్తులవారికిని ఆ గుడిసె స్థలముపై యాజమాన్యము కల్పించు చట్టమును ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసినది. దొర మనసు మారిన నాడు గుడిసె పీకివేయబడు కాలమది. చట్టము వచ్చినంతనే కాలము మారలేదు. రెండేండ్లకు, 1978 సెప్టెంబరు 7న, జగిత్యాలలో రైతుకూలీలు జైత్రయాత్ర జరిపిరి. వెట్టినిగూర్చి, కూలినిగూర్చి, దొరల చేతిలోని బంచరు భూములనుగూర్చి అడుగుటకు జనము వీధికి రావలసివచ్చెను. ఆ అక్టోబరులోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలు కల్లోలిత ప్రాంతములుగా ప్రకటింపబడినవి. తదుపరి ఈ నేల చవిచూచిన రక్తపాతమును, అది ఏ వైపు చేతులమీదుగా జరిగినను, నేను మెచ్చను. 2007 జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో, భూమిని, ఇండ్ల స్థలములను కోరిన వారిపై పోలీసులు కాల్పులు జరుపగా ఏడుగురు మరణించిరి. జాగ అడిగినందుకు ప్రాణములీయవలసిన దేశమున, నీవు కోర్టు మెట్ల మీదనే నిలిచి పని ముగింపగలనని తలపకుము.

అడుగుటయందే వేరొక విధమును కలదు. అది మనవారే చేసి చూపినది గనుక నిదానముగా వ్రాసెదను. మన తెలంగాణమునుండి తరతరములుగా మగ్గమును నమ్ముకొని షోలాపురమునకు వలసపోయిన పద్మశాలి కుటుంబములను గూర్చి నీవు వినియే యుందువు. అక్కడ మగవారు నూలు మిల్లులలో, మరమగ్గములపై పని చేయగా, ఆడువారు బీడీలు చుట్టిరి. నేటికిని ఆ నగరపు తూర్పు వాడలలో తెలుగు మాట వినబడును. ఆ ఇరుకు కిరాయి గదుల స్త్రీలను కూడగట్టినవాడు నరసయ్య ఆడం. షోలాపురమువారు ఆయనను ఆడం మాస్టరందురు. ఆయన మార్క్సిస్టు పార్టీవాడు, శాసనసభ్యుడుగా నుండినవాడు. ఆ స్త్రీలు ఒక్కొక్కరుగా అర్జీ పెట్టలేదు. వార్లీ గిరిజనుల పక్షమున పోరిన గోదూతాయి పరులేకర్ పేరిట సహకార గృహనిర్మాణ సంఘముగా ఏర్పడి, కేంద్రము కొంత, రాష్ట్రము కొంత, తాము కొంత భరించునట్లు అడిగి, షోలాపురము వెలుపల కుంభారి యొద్ద పదివేల ఇండ్లు కట్టించుకొనిరి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ఆ ఇండ్లను వారికి అప్పగించెను. దానితో వారు ఊరకుండలేదు. బీడీ కార్మికులతోపాటు మగ్గముల వారిని, తోపుడు బండ్లవారిని, చెత్త కాగితములేరుకొనువారిని, డ్రైవర్లను చేర్చుకొని, అక్కడనే ముప్పదివేల ఇండ్ల రే నగర్‌ను తలపెట్టిరి. 2019 జనవరిలో దానికి శంకుస్థాపన చేసినవాడు, 2024 జనవరి 19న మొదటి పదునైదువేల ఇండ్లను అప్పగించినవాడు ప్రధాని నరేంద్ర మోదీ. ఎర్రజెండా సంఘమొకటి అడుగగా, ఆ జెండావి కాని రెండు ప్రభుత్వములు తాళములు ఇచ్చినవి. ఇది ఎట్లు సాధ్యమైనదో నీవు ఆలోచింపవలెను. నా మట్టుకు నాకు తోచిన కారణమొకటే: అడిగినవారి పేర్లు, వృత్తులు, గుర్తింపు కార్డులు, వంతు పైకము అన్నియు సంఘము చేతిలో సిద్ధముగా నుండినవి, మంత్రి మారినప్పుడు జాబితా మారలేదు.

మన బీడీ స్త్రీలకు ఆ ఆధారము లేకపోలేదు. 1976 నాటి బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టము క్రింద వైద్యమునకును, పిల్లల చదువునకును సహాయము గలదు, మునుపు ఇంటికిని ఇచ్చిరి, పి.ఎఫ్. సంఖ్యయు, గుర్తింపు కార్డును గల స్త్రీలు మన వాడలలో ఇంటింట నున్నారు. 2017లో పన్నుల విధానము మారి బీడీల సెస్సు పోయినది గనుక ఆ నిధికి మునుపటి బలము లేదనుట సత్యము. అయినను చేతిలోనున్న కార్డు విలువ తెలియక, దానిని బియ్యపు డబ్బాలో దాచి మరచువారే ఎక్కువ.

ప్రభుత్వములు ఏమియు చేయలేదని నేననను. 2006లో ఇందిరమ్మ పథకము వచ్చినది. 2015లో రెండు పడకగదుల ఇండ్ల పథకము వచ్చినది. సిరిసిల్ల చెంత మండెపల్లిలో 2021 జూలైలో 1,320 ఇండ్లకు ఒకేసారి గృహప్రవేశము జరిగినది. జగిత్యాల చెంత నూకపల్లిలో నాలుగువేలకు పైగా ఇండ్లు లేచినవి. అయితే గోడలు లేచి కప్పులు పడిన పిదప కూడ నీటి గొట్టములు, మురుగు కాలువలు, దారులు కుదురక ప్రజలు చాలకాలము ఎదురుచూడవలసివచ్చెను. ఇల్లు కోరువాడు నాలుగు గోడలను మాత్రమే కోరిన యెడల నాలుగు గోడలే దక్కును.

2024 మార్చి 11న భద్రాచలమున ఆరంభమైన నేటి ఇందిరమ్మ ఇండ్ల పథకమున, నియోజకవర్గమునకు 3,500 ఇండ్ల చొప్పున, ఇంటికి 5 లక్షల రూపాయలు స్త్రీ పేర ఇచ్చుచున్నారు. ఇది మంచి పథకమే. కాని పైకము పునాది, గోడలు, కప్పు, ముగింపు అను నాలుగు విడతలుగా వచ్చును. పునాది వేసిన పిదపనే మొదటి లక్ష. ఆ పునాదికి పైకము లేనివాడు మిత్తికి తెచ్చును. అంతకన్న పెద్ద చిక్కు వేరొకటి. సొంత జాగ గలవారిని ఎల్-1 జాబితాలోను, జాగయు ఇల్లును రెండును లేనివారిని ఎల్-2 జాబితాలోను చేర్చి, మొదటివారికి ముందు ఇచ్చుచున్నారు. న్యాయముగా చూచిన, రెండును లేనివానికి గదా ముందు కావలసినది! షామియానా క్రింద కూర్చుండిన ఆ తల్లి ఎల్-2. కావున మన ప్రాంతమున ఇండ్ల పని చేయదలచిన యెవరైనను సిమెంటును గూర్చి గాక జాగను గూర్చి ముందు మాటాడవలెను: పురపాలక హద్దులలో సర్కారు భూమి ఎంత మిగిలినది, ఏ సర్వే సంఖ్యలలో నున్నది, వెనుక పేదలకిచ్చిన అసైన్డు స్థలములు ఎవరి చేతులలోనికి పోయినవి. సమాచార హక్కు చట్టము క్రింద ఈ మూడు ప్రశ్నలను అడుగుట నీ చదువునకు తగిన పని. వేయిమంది నినాదములు చేసినను రెవెన్యూ కార్యాలయము తొణకదు. సర్వే సంఖ్యతో సహా అడిగిన ఒక్క కాగితమునకు అక్కడ కుర్చీలు కదలును.

జాగతోపాటు మన వాడలలో ఇల్లు లేనివారి లెక్కయు వ్రాయవలెను. దీనికి నేను పట్టుబట్టుటకు, షోలాపురపు జాబితాగాక, ఇంకొక కారణము గలదు. సుప్రీంకోర్టు కాలిబాటలవారి తీర్పు చెప్పిన 1985 సంవత్సరముననే, ముంబయి బైకుల్లా కాలిబాటల స్త్రీలు స్పార్క్ అను సంస్థ తోడ్పాటుతో తమ గుడిసెలను, తమ కుటుంబములను, తాము చేయు పనులను తామే లెక్క వ్రాసికొనిరి. 'వీ, ది ఇన్విజిబుల్' అను పేరుతో ఆ లెక్క అచ్చయినది. అంతవరకు వారు నగరమునకు భారమని పలుకువారు, నగరపు పాకీపని, ఇంటిపని, కూలిపని చేయునది వారేయని ఆ పుటలలో చదువవలసివచ్చెను. లెక్క బయటివాడు వ్రాసిన, ఆ కాగితము బయటివానితోనే పోవును. నీవు కలము పట్టుము, అయితే ప్రశ్నలడుగువారు ఆ వాడ స్త్రీలే కావలెను. ఎవరి భర్త ఎక్కడ నున్నాడో, ఎవరి పేర పల్లెలో పాత ఇల్లున్నదో వారికి తెలిసినట్లు నీకెట్లు తెలియును? అనర్హుల పేర్లు చేరినచో, మొదటి విచారణలోనే జాబితా అంతయు దొంగదని కొట్టివేయుదురు. మొగమాటము విడిచి ఆ పేర్లు తీసివేయించుట ఈ పనిలోకెల్ల కష్టమైనది. మన చుట్టములున్నను తీసివేయింపుము.

బస్టాండువారి మాట మిగిలినది. పట్టణ నిరాశ్రయులకు లక్ష జనాభాకు నూరుమంది తలదాచుకొను వసతి యుండవలెనని నియమము. రాయికల్ వంటి చిన్న పట్టణమునకు ఆ లెక్కలో వచ్చు వాటా స్వల్పము. ఫిన్లాండు దేశమున 2008 నుండి, మద్యము మానిన పిదపనో రోగము కుదిరిన పిదపనో ఇల్లు అను షరతు తీసివేసి, ముందు ఇల్లిచ్చి పిదప వైద్యము చేయుచున్నారు. వారి నిరాశ్రయుల సంఖ్య చాల ఏండ్లు తగ్గుచు వచ్చినది. మనకు అంత స్తోమత లేకపోవచ్చును. ఒక గదియు, ఒక పూట అన్నమును, వారమునకొక వైద్యుడును పురపాలక సంఘమునకు మించిన భారము కాదని నా నమ్మకము.

మన వాడనుండి మొదలుపెట్టుము. బీడీ కార్ఖానా వెనుక సందులో కిరాయి గదులెన్నియో, వానిలో ఎందరున్నారో, ఎవరికి ఏ కార్డులున్నవో ఇంతవరకు ఎవ్వరును వ్రాయలేదు. దసరా సెలవులకు వచ్చునప్పుడు రెండు మంచి నోటుపుస్తకములు తెచ్చుకొనుము. ముగ్గురు స్త్రీలతో నేను మాటాడి యుంచెదను. లెక్క ముగిసిన మొదటి సోమవారము అందరును కలిసి జగిత్యాల కలెక్టరేటులో అర్జీలు తీసికొను ప్రజావాణికి పోదురు గాక. ముందు వరుసలో వారు, వెనుక నీవు.

ఇట్లు,
మీ తాత.