తిన్న రెండు మూడు గంటలకే వణుకు వస్తోందా?

ఉదయం 8 గంటలకు కడుపునిండా ఇడ్లీలు తిని, చక్కెర దండిగా వేసిన టీ తాగిన మనిషి 11 గంటలయ్యేసరికి చేతులు వణుకుతున్నాయంటుంది. చెమటలు, గుండెదడ, కళ్ళు మసకలు, ఊరకే విసుగు. ఇంట్లోవారు నీరసమనో దిష్టి అనో అనుకుంటారు. కొందరిలో ఇది తిన్న తర్వాత రక్తంలో షుగరు పడిపోవడం వలన జరుగుతుంది. డాక్టర్లు దీనిని రియాక్టివ్ హైపోగ్లైసీమియా అంటారు. సాధారణంగా తిన్న 4 గంటలలోపు వస్తుంది. పొయ్యి దగ్గరో, బండి మీదో ఉన్నప్పుడు కళ్ళు తిరిగితే ప్రమాదం.

తింటే షుగరు పెరగాలి గదా, ఎందుకు పడిపోతుంది? తీపి, తెల్ల అన్నం, మైదా త్వరగా అరిగి షుగరును ఒక్కసారిగా పెంచుతాయి. దానిని దించడానికి క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను వదులుతుంది. అది ఎక్కువైనా, ఆలస్యంగా వచ్చినా షుగరు మరీ కిందికి దిగుతుంది. జీర్ణాశయానికి ఆపరేషన్ అయినవారిలో, షుగరు వ్యాధి తొలి దశలో ఉన్న కొందరిలో ఇది కనబడుతుంది. చాలామందిలో కారణం తెలియదు.

వణుకు వచ్చిన ప్రతివారికీ ఇదేనని అనుకోవద్దు. రక్తహీనత, థైరాయిడ్, ఆందోళన వలన కూడా ఇలాంటి బాధలు వస్తాయి. పరగడుపున చేసిన పరీక్ష మామూలుగానే రావచ్చు, కాబట్టి బాధ ఉన్న సమయంలోనే రక్తం ఇచ్చి చూపించుకోవాలి. పరగడుపున గానీ, రాత్రి నిద్రలో గానీ ఇలా అవుతుంటే కారణం వేరే ఉండవచ్చు. వెంటనే డాక్టరుకు చెప్పండి.

ఇక తిండి సంగతి. రోజుకు మూడుసార్లు దండిగా తినే బదులు ఐదారుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి. మూడు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉంచవద్దు. ఉదయం రెండు ఇడ్లీలు, పప్పు ఎక్కువగా ఉన్న సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు, లేదా పెసరట్టు. పదిన్నరకు గుప్పెడు వేయించిన శనగలు, గ్లాసు మజ్జిగ. మధ్యాహ్నం అన్నం తగ్గించి కూర, పప్పు పెంచండి. సాయంత్రం గుగ్గిళ్ళు. పండు తినవచ్చు, రసం తీసి ఇవ్వవద్దు. రాగిజావ బలమని బెల్లం కలిపి పోస్తుంటారు. ఈ విషయంలో బెల్లమైనా చక్కెరైనా ఒకటే. మజ్జిగ కలిపి ఇవ్వండి. ఖాళీ కడుపున కూల్‌డ్రింకు, మద్యం అసలే వద్దు.

మన ఇళ్ళలో కోడలు అందరికీ వడ్డించి చివరికి, ఒక్కోసారి మూడు గంటలకు తింటుంది. ఈ బాధ ఉన్న అమ్మాయికి అది పనికిరాదు. అత్తగారే "ముందు నువ్వు తిను" అనాలి. ఆమె తనంతట తాను కూర్చోదు.

వణుకు మొదలైతే మూడు చెంచాల చక్కెర గ్లాసు నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాలలో తగ్గకపోతే మరోసారి ఇవ్వండి. తగ్గాక గుడ్డో, పప్పన్నమో కొంచెం పెట్టండి. భయపడి లడ్డూల మీద లడ్డూలు పెడితే షుగరు మళ్ళీ ఎగిరి మళ్ళీ పడుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకురండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి ఇలా అయితే మందు మోతాదు మార్చవలసి ఉండవచ్చు. తేరుకున్నా సరే, అదే రోజు డాక్టరును కలవాలి.

ఒక వారంపాటు ఏమి తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో, వణుకు ఎప్పుడు వచ్చిందో పిల్లల నోటుబుక్కులో రాయించి, ఓ.పి.కి వచ్చేటప్పుడు తీసుకురండి.